వెనక సీటు మాట: మూడు పెద్ద బండ్ల మీద కర్నూలు నుంచి గువ్వలచెరువు దాకా

హైదరాబాదులో అద్దె బండిని తిరిగి అప్పగించిన రోజున, నేను కట్టిన 20,000 రూపాయల డిపాజిట్టులో 4,500 పట్టుకుని మిగిలినది చేతిలో పెట్టారు. అందులో 3,000 సైలెన్సరు మీద పడిన గీతకు. అది నా వల్ల జరిగిన తప్పు కనుక నేను కాదనలేదు. తక్కిన 1,500 మాత్రం వెనక షాకబ్జార్బర్ల స్ప్రింగులను వారి అనుమతి లేకుండా తిప్పించి బిగింపించినందుకట. ఆ స్ప్రింగులను తిప్పించకపోయి ఉంటే మా ఆవిడ తాడిపత్రిలో ఆర్టీసీ బస్సెక్కి కర్నూలుకు వెళ్ళిపోయేది, నేను మంచి బండిని చెడ్డదని నమ్మి దాని జోలికి మళ్ళీ పోయేవాడిని కాదు. ఆ 1,500 రూపాయల బాధే నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది.

పిల్లలిద్దరూ చదువులకు వెళ్ళిపోయాక, ఇద్దరం కలిసి దూరాలు తిరగడానికి పెద్ద బండి కొనాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాము. షోరూము వారు ఇచ్చే పది నిమిషాల సవారీలో నడిపేవాడి సుఖం కొంత తెలుస్తుంది గాని, వెనక కూర్చునేవారి సుఖం ఏమీ తెలియదు. అందుకని డిసెంబరులో సెలవులు చూసుకుని, మూడు రకాల బండ్లు వెంట పెట్టుకుని, మా ఆవిడను మూడింటి మీదా నా వెనకే కూర్చోబెట్టి సీమ అంతా ఒక చుట్టు చుట్టి రావాలని నిర్ణయించుకున్నాను. బావమరిదికి హిమాలయన్ 450 సొంతంగా ఉంది. మా కళాశాలలో నాతోపాటు పనిచేసే మిత్రుడికి కవాసాకి వెర్సిస్ 650 ఉంది. మూడవది రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650. అది ఎరిగినవారెవరి దగ్గరా లేకపోవడంతో హైదరాబాదులో రోజుకు 2,600 చొప్పున ఆరు రోజులకు 15,600 కట్టి అద్దెకు తెచ్చాను. వెనక ఆనుకునే దిండు, ముందు ఎత్తయిన గాలి అద్దం ఉన్న టూరర్ రకమే ఇస్తామని ఫోనులో చెప్పారు. తీరా వెళితే అద్దం ఉంది, దిండు లేదు. అడిగితే, "రేపు వచ్చే బండికి ఉంది సార్, కావాలంటే ఆగండి" అన్నారు. అక్కడే ఆగిపోవలసింది, ఆగలేదు.

హైదరాబాదు నుంచి కర్నూలుకు ఒంటరిగా వచ్చినప్పుడు బండి మీద ఏ ఫిర్యాదూ లేదు. 648 సీసీల జంట సిలిండర్ల ఇంజను ఎక్కడా గొంతు పెంచకుండా లాగింది. మోటారు సైకిళ్ళకు నాలుగు వరుసల రహదారి మీద అనుమతించిన వేగం గంటకు 80 కిలోమీటర్లే కనుక, ఆ వేగంలో ఇంజను ఎంత నెమ్మదిగా తిరుగుతుందో అన్నదే నాకు అసలు లెక్క, ఆ లెక్కలో మూడింటిలోనూ ఇదే మొదటిది. సీటు 740 మిల్లీమీటర్ల ఎత్తే కావడంతో రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతాయి. 241 కిలోల బండి మీద ఉన్నామన్న భయం సగం అక్కడే పోతుంది.

మరునాడు ఉదయం ఇద్దరం ఎక్కి అనంతపురం దారి పట్టాము. బావమరిది, మిత్రుడు తమ బండ్ల మీద వెంట వచ్చారు. వెల్దుర్తి దాటేదాకా మా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. డోన్ దాటాక మాట ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ సంసారంలో ఆ మౌనం అర్థం నాకు తెలుసు. వంతెనల దగ్గర, తారుకూ సిమెంటుకూ అతుకు పడిన ప్రతిచోటా వెనక నుంచి దెబ్బ తగిలినట్టు కుదుపు వచ్చేది. హ్యాండిలు కూడా తేలికై, లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా ముందు చక్రం ఎటు చూస్తోందో చేతికి తెలిసేది కాదు. గుత్తిలో ఆగి ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు తిన్నాము. ప్లేటు 40 రూపాయలు, బొరుగులు నానీనాననట్టు, పైన పుట్నాల పొడి వాసనతో ఎంతో బాగుంది. అయినా ఆవిడ సగం వదిలేసి, "నడుము దగ్గర ఎవరో గుద్దుతున్నట్టుందండీ" అన్నది. బావమరిది వెంటనే, "అక్కా, నా బండి ఎక్కు" అన్నాడు గాని, పంతం కొద్దీ నేనే వద్దన్నాను. అది తప్పు.

పామిడి దాటాక టీ కోసం ఆగిన చోట, బెంగళూరు నుంచి హైదరాబాదు వెళుతున్న ఒక పెద్దమనిషి హోండా గోల్డ్‌వింగ్ టూర్ ఆపి ఉన్నాడు. 1833 సీసీలు, పక్కకు మూడేసి చొప్పున పడుకోబెట్టిన ఆరు సిలిండర్లు, వెనక్కి నడిపే గేరు కూడా ఉన్న బండి అది. దాదాపు 390 కిలోల బరువున్నా, ఆ సిలిండర్లు కింద పరచుకుని ఉండడం వల్ల బరువంతా నేలకు దగ్గరగా ఉంటుందని, కదిలాక ఆ బరువు తెలియదని ఆయన చెప్పాడు. మా ఆవిడను వెనక సీట్లో కూర్చోమని ఆయనే పిలిచాడు. చేతులు పెట్టుకునే చోటు, నడుమును పట్టే దిండు, పాదాలకు వెడల్పాటి పలకలు ఉన్న ఆ సీటు నుంచి దిగడానికి ఆవిడకు మనసొప్పలేదు. నేను గమనించింది వేరొకటి. ఒంటరిగానా, సామానుతోనా, ఇద్దరా, ఇద్దరూ సామానూనా అని నాలుగు బొమ్మలు చూపి, వాటిలో ఒకటి ఎంచుకోగానే వెనక స్ప్రింగును మోటారుతో బిగించే ఏర్పాటు ఆ బండిలో ఉంది. అంత ఖరీదైన బండి తయారుచేసినవారు కూడా ఎక్కేవారి బరువును బట్టి స్ప్రింగు బిగువు మారాలని ఇంత పట్టింపుగా ఉన్నారంటే, నా కింద ఉన్న బండికి ఆ పని ఎవరైనా చేశారా అన్న అనుమానం నాకు అక్కడ మొదలైంది.

అనంతపురంలో బస 1,400 రూపాయలకు శుభ్రంగా దొరికింది, చెప్పవలసినది ఏమీ లేదు. ఊళ్ళోకి వచ్చేసరికి చీకటి పడింది. ఎదురుగా వచ్చే ప్రతి లారీవాడూ లైటు వేసి తిట్టినట్టు ఆర్పి వెలిగించడం మాత్రం గుర్తుంది. వెనక దిగబడిపోతే ముందు లైటు ఆకాశం చూస్తుందని అప్పటికి నాకు తట్టలేదు.

మరునాడు తాడిపత్రి దారిలో, బండలు మోసే లారీల వెనక పడి, ముందున్న స్పీడు బ్రేకరును చూసుకోలేదు. వేగం పెద్దగా లేదు. అయినా ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు వచ్చి, ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఊరు చేరగానే దిగి, హెల్మెట్ నా చేతికిచ్చి, బస్టాండు ఎటని అడిగింది. కోపం లేదు, కన్నీళ్ళున్నాయి. మిత్రుడు పక్కకు తిరిగి నిలబడ్డాడు.

బుల్లెట్లు బాగుచేసే చిన్న షెడ్డు ఒకటి కనబడితే బండిని అక్కడికి తోసుకెళ్ళాము. అరవై దాటిన మేస్త్రీ. బండిని తాకకముందే మమ్మల్నిద్దరినీ దాని మీద కూర్చోమన్నాడు. వెనక మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య వేళ్ళు పెట్టి చూసి, మా ఆవిడ వైపు తిరిగి అన్నాడు: "అమ్మా, మీరు కూచున్నంకనే స్ప్రింగు పండుకుంటాండాది. ఇంగ గుంత వస్తే యాడికి పోతాది? నీ నడుముకే వచ్చేది." ఈ బండికి వెనక చక్రం పైకీ కిందికీ కదిలే దూరం 101 మిల్లీమీటర్లే. హిమాలయన్‌కు అది 200. ఉన్నదే తక్కువైనప్పుడు, ఒంటరి మనిషికి సరిపోయేలా వదులుగా ఉన్న స్ప్రింగు ఇద్దరి బరువుకూ సంచులకూ సగం ముందే కుంగితే, గుంటకు మిగిలేది ఏముంటుంది? దానికి తోడు వెనక టైరులో 46 పాయింట్ల గాలి ఉంది. కంపెనీ పుస్తకంలో చెప్పినదాని కంటే అది చాలా ఎక్కువ. వంపు తిరిగిన హుక్కు పానాతో రెండు వైపులా సమానంగా రెండేసి మెట్లు బిగించి, గాలి తగ్గించి, మళ్ళీ కూర్చోబెట్టి వేళ్ళతో కొలిచాడు. పావుగంట పని. 50 రూపాయలు అడిగాడు, 200 ఇస్తే 100 మాత్రమే తీసుకున్నాడు.

తాడిపత్రి దాటకముందే అదే ఎత్తున్న స్పీడు బ్రేకరు ఇంకొకటి వచ్చింది. బండి లేచి, మెత్తగా దిగింది. రెండు నిమిషాల తరువాత వెనక నుంచి, "బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఇక్కడేగా, చూసి పోదామండీ" అన్న మాట వినబడింది. పెన్న ఒడ్డున ఆ గుడి గోడల మీద రాయి వదలకుండా చెక్కిన శిల్పాల ముందు ఆవిడ గంటసేపు తిరిగింది. నాకు ఆ గంట కంటే ఆ మాట ఎక్కువ.

జమ్మలమడుగు మీదుగా గండికోటకు చేరేటప్పటికి సాయంత్రమైంది. లోయ అంచుకు దగ్గరలో గుడారాలు వేసినవారు ఒక్కొక్కదానికి 1,800 తీసుకున్నారు. భోజనం వేరుగా మనిషికి 250. రాగి సంగటి, నాటుకోడి పులుసు ఆ ధరకు తగినవే. బండ్లు నిలిపే చోటు మాత్రం దున్నిన చేనులా ఉంది. పెద్ద బండితో ఇలాంటి చోటికి వెళ్ళేవారు గది కంటే ముందు బండి నిలిపే నేలను చూడాలి. సైడు స్టాండు కింద పలక రాయి పెట్టుకోమని మిత్రుడు చెప్పినా నేను బద్ధకించాను. రాత్రి మంచుకు నేల మెత్తబడి స్టాండు దిగబడింది, తెల్లవారేసరికి బండి పక్కకు ఒరిగి ఉంది. 241 కిలోలను లేపడానికి ముగ్గురం కావలసి వచ్చింది. సైలెన్సరు గీత అప్పుడు పడినదే. 196 కిలోల హిమాలయన్‌ను బావమరిది ఒక్కడే అటూ ఇటూ తిప్పుకున్నాడు. ఇంటి వసారా ఇరుకుగా ఉన్నవారు ఈ తేడాను చిన్నదనుకోవద్దు.

గండికోట నుంచి దిగేటప్పుడు హిమాలయన్ తీసుకున్నాను. అంచులు తెగిన రోడ్డు మీద, మట్టి దారి మీద దానికి సాటి లేదు. 21 అంగుళాల ముందు చక్రం గుంటలను పట్టించుకోదు. వెనక సీటు మాత్రం గట్టిది, గంటన్నర దాటాక ఆవిడ అటూ ఇటూ సర్దుకోవడం మొదలుపెట్టింది. ఎక్కడం కూడా కష్టమే. ముందు సీటే 825 మిల్లీమీటర్లు, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు వెనకకు ఎక్కాలంటే అరుగు వెతుక్కోవాలి. ప్రొద్దుటూరు మీదుగా కడపకు చేరి, నేల మీదే పార్కింగు ఉన్న లాడ్జి వెతికి 1,600కు దిగాము. అంతకుముందు చూసిన దానిలో గది 1,200కే ఇస్తామన్నారు గాని, బండ్లు దించవలసిన సెల్లారు వాలు చూసి వెనుదిరిగాము. ఆ 400 నాకు భారం అనిపించలేదు.

మధ్యాహ్నం గువ్వలచెరువు ఘాటుకు మూడు బండ్లూ తీసుకెళ్ళాము. వెర్సిస్ ఇవ్వడానికి మిత్రుడి మనసు ఆడలేదు. తాళం చేతికిచ్చి, క్లచ్ గురించి నాలుగుసార్లు చెప్పి, నా వెనకే వచ్చాడు. ఆయన బాధ నాకు మలుపుల్లో అర్థమైంది. 17 అంగుళాల చక్రాలు, రెండు చక్రాల మధ్య 1,415 మిల్లీమీటర్ల దూరమే ఉన్న ఆ పొట్టి నడుము బండి చూపు తిప్పిన వైపుకు తిరుగుతుంది. బరువు 219 కిలోలున్నా, లారీల వెనక పాకుతూ హఠాత్తుగా దారి దొరికినప్పుడు ఇంజను తడబడదు. దాని వెనక స్ప్రింగును పానా లేకుండా చేత్తో తిప్పే గుండీతో బిగించుకోవచ్చు. ఎక్కడానికి ముందు మిత్రుడే వంగి తిప్పాడు. నడిపేవాడి కోసమే అయితే మరో మాట లేకుండా ఇదే కొనేవాడిని. అదే ఘాటు సూపర్ మీటియర్ మీద దిగేటప్పుడు, మలుపులో కాస్త ఎక్కువ వంచగానే పాదం పెట్టే కమ్మీ రోడ్డును గీరింది. నేలకూ బండికీ మధ్య 135 మిల్లీమీటర్లే ఉన్నప్పుడు అది తప్పదు, ఆ బండిని ఆ తీరున నడపకూడదు. నెమ్మదిగా, ముందే వేగం తగ్గించుకుని తిప్పితే హుందాగానే దిగింది. పైన అర కిలో పాలకోవా 200 రూపాయలకు కొన్నాము. అడుగంటిన వాసన ఏ మాత్రం లేని కోవా, కడపకు తిరిగి వచ్చేలోపే సగం అయిపోయింది.

మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలుకు తిరుగు ప్రయాణం రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఆవిడ రెండే చోట్ల దిగింది, రెండూ కాఫీ కోసమే. మొత్తం మీద లీటరుకు సూపర్ మీటియర్ 24, హిమాలయన్ 29, వెర్సిస్ 20 కిలోమీటర్లు ఇచ్చాయి. హైదరాబాదు రాకపోకలతో కలిపి నా పెట్రోలు ఖర్చు 4,810.

అద్దెకు తీసుకునేవారికి నేను గట్టిగా చెప్పేది ఇది. వెనక కూర్చునేవారిని కూడా దుకాణానికి తీసుకెళ్ళండి. ఇద్దరూ ఎక్కి కూర్చుని స్ప్రింగు బిగింపించండి, టైర్ల గాలి కొలిపించండి, ఆ తరువాతే డబ్బు కట్టండి. మాట ఇచ్చిన సామగ్రి లేకపోతే రోజు వృథా అయినా ఆగండి. స్ప్రింగు బిగువు మార్చుకోవడం బండి నడిపేవాడి పని, దానికి కంపెనీవారే మెట్లు పెట్టారు. దానికి జరిమానా వేయడం అన్యాయమని కౌంటరు దగ్గర అరగంట వాదించాను. వినలేదు.

బండి ఎంపిక నేను ఆవిడకే వదిలేశాను. మలుపుల్లో వెర్సిస్ ఇచ్చిన ఆనందాన్ని వదులుకోవడం నాకు కష్టంగానే ఉంది. ఉగాదికి సూపర్ మీటియర్ తీసుకుంటున్నాము. వెనక దిండు బిగించనిదే షోరూము నుంచి బండి కదలకూడదన్నది ఆవిడ షరతు. హుక్కు పానా 250 పెట్టి నేను ముందే కొనుక్కున్నాను.