పెర్ఫ్ మెట్రిక్స్ పార్సింగ్ టెస్ట్: ఉత్తుత్తి విలువలు మేలా, అసలు సీపీయూ మేలా?

లినక్స్‌లో ప్రోగ్రామ్‌ల పనితీరు కొలిచే సాధనం పెర్ఫ్. అందులో ఐపీసీ (ఒక్కో సైకిల్‌కు పూర్తయిన ఇన్‌స్ట్రక్షన్లు) లాంటి మెట్రిక్ అంటే జేసన్ అనే డేటా ఫార్మాట్ ఫైల్లో రాసి ఉన్న ఒక సూత్రం. పెర్ఫ్ ఆ సూత్రాన్ని చదివి, ఈవెంట్ (సీపీయూలో జరిగే, లెక్కపెట్టదగ్గ సంఘటన) పేర్లు విడదీసి, వాటిని లెక్కించే సీపీయూ కౌంటర్లు తెరిచి, వచ్చిన అంకెలతో లెక్క కడుతుంది. వీటిలో ఏది చెడినా తెర మీద కనిపించేది తప్పు అంకె, లేదంటే ఖాళీ.

పార్సర్ (సూత్రాన్ని చదివి విడదీసే భాగం) కోడ్ ముట్టుకున్నవాళ్లు ముందు నడపాల్సింది "పార్స్ అండ్ ప్రాసెస్ మెట్రిక్స్" టెస్టే. టెస్ట్ నంబర్లు వెర్షన్ మారితే మారిపోతాయి కాబట్టి పేరుతోనే పిలవండి. ఇది కౌంటర్ల జోలికే పోదు. పూర్తయిన ఇన్‌స్ట్రక్షన్లు 300, సైకిళ్లు 200 అని తనే ఇచ్చి, ఐపీసీ సరిగ్గా 1.5 వచ్చిందా అని చూస్తుంది. రెండు అంకెలూ వేరుగా ఉండటం ముఖ్యం: రెండూ 300 అయితే పైదీ కిందిదీ తారుమారైనా 1 వచ్చి టెస్ట్ పాసైపోతుంది. రెండు మెట్రిక్స్ ఒకదాన్నొకటి పిలుచుకుంటూ తిరిగితే ఎర్రర్ రావాలన్నదీ ఇక్కడే తేలుతుంది. మీ సొంత మెట్రిక్‌కు కేసు రాస్తే హారానికి సున్నా ఇచ్చి చూడండి. భాగహారం చేసే డి-రేషియో ఫంక్షన్ వాడిన చోట 0 వస్తుంది, మామూలు భాగహారం గుర్తు అలా కాపాడదు. సూత్రంలో పీఎంయూ (కౌంటర్లు ఉండే హార్డ్‌వేర్ భాగం) పేరు చుట్టూ స్లాష్ బదులు ఎట్ గుర్తు రాయాలి. స్లాష్ రాస్తే పార్సర్ దాన్ని భాగహారం అనుకుంటుంది.

రూట్ అక్కర్లేదు, వర్చువల్ మెషీన్‌లోనూ నడుస్తుంది, ప్రతిసారీ అదే జవాబు. లోటు ఒక్కటే, కానీ పెద్దది: ఆ పేరుగల ఈవెంట్ మీ చిప్‌లో నిజంగా ఉందా అని ఇది అడగదు.

అది అడిగేది రెండో దారి, "ఆల్ మెట్రిక్స్" షెల్ టెస్ట్. జాబితాలోని ఒక్కో మెట్రిక్‌నూ అసలు సీపీయూ మీద, లెక్కలు చూపే పెర్ఫ్ స్టాట్ కమాండ్‌తో నడుపుతుంది. ఇక్కడ ఫెయిలైనదంతా పార్సింగ్ తప్పు కాదు. "నాట్ సపోర్టెడ్" వస్తే వర్చువల్ మెషీన్‌కు పీఎంయూ ఇవ్వలేదేమో చూడండి. "నాట్ కౌంటెడ్" వస్తే ప్రోగ్రామ్ మరీ పొట్టిది అయి ఉండొచ్చు, ఒక సెకనైనా నడిచే పని ఇవ్వండి. పెర్ఫ్ ఈవెంట్ పారనాయిడ్ (ఎవరు ఏం కొలవచ్చో చెప్పే కెర్నల్ సెట్టింగ్) విలువ 2 ఉంటే, సిస్టమ్ మొత్తాన్ని కొలిచే మెట్రిక్స్ మామూలు యూజర్‌కు రావు. ఈవెంట్లు కౌంటర్ల కంటే ఎక్కువైతే వంతులవారీగా లెక్కించి అంచనా కడుతుంది, అందుకే కొన్ని శాతాలు 100 దాటుతాయి. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) ప్రాసెసర్లలో, సిస్టమ్ స్తంభించిందేమో కనిపెట్టే ఎన్ఎంఐ వాచ్‌డాగ్ కూడా ఒక కౌంటర్ పట్టుకుని కూర్చుంటుంది, టెస్ట్ సేపు దాన్ని 0 చేయండి.

కోడ్ మార్పు ప్రతిదానికీ మొదటిదే మేలు, అది పాసవకుండా ప్యాచ్ కలపకూడదు. జేసన్ పట్టికలు మారినా, కొత్త ప్రాసెసర్ చేర్చినా రెండోది తప్పనిసరి, అదీ వర్చువల్ కాని మెషీన్ మీదే.

పెర్ఫ్ స్టాట్ అవుట్‌పుట్‌ను మీ స్క్రిప్ట్ చదువుతుంటే ఈ రెండూ దాన్ని కాపాడవు. ఈవెంట్ పేరులోనే కామా ఉంటే కామాతో విడదీసే స్క్రిప్ట్ గడులు జరిగిపోతాయి. జేసన్ అవుట్‌పుట్ తీసుకోండి. అందులో కౌంటర్ విలువ కోట్స్ మధ్య స్ట్రింగ్‌గా వస్తుంది, అంకెగా మార్చాకే పోల్చండి.