కినబతంగాన్‌లో జంతువులు ఎందుకంత బాగా కనిపిస్తాయి?

మొదటి సాయంత్రం కినబతంగాన్ నది మీద పడవలో రెండు గంటలు తిరిగాం. ముప్పైకి పైగా పొడుగుముక్కు కోతులు, జంటలు జంటలుగా హార్న్‌బిల్ పక్షులు, ఒక మొసలి కనిపించాయి. చీకటి పడే వేళకు ఒక ఒరాంగుటాన్ కొమ్మలు వంచి గూడు కట్టుకుంటూ కనిపించింది. మా అక్క సంతోషంతో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఇన్ని జంతువులున్నాయంటే అడవి ఎంత బాగుందో చూడరా" అంది. అదే మాట గైడ్‌తో అన్నాను. ఆయన ఇంజిన్ ఆపి, "అడవి సన్నబడింది, అందుకే కనిపిస్తున్నాయి. వెనక్కి వెళ్దామంటే వాటికి చోటు లేదు" అన్నాడు.

ఈ నది ఉన్నది బోర్నియో ద్వీపంలోని మలేసియా రాష్ట్రం సబాలో. అక్కడ తొమ్మిది రోజులు తిరిగాం. ఏ చోటికి వెళ్లినా ఆ మాట గుర్తొస్తూనే ఉంది.

కౌలాలంపూర్ నుంచి విమానంలో సాండకాన్‌లో దిగాం. ఒకప్పుడు ఇది కలప ఎగుమతికి పేరుపడ్డ రేవు. అక్కడి నుంచి కినబతంగాన్ నది ఒడ్డున ఉన్న సుకౌ ఊరికి రోడ్డు మీద రెండున్నర గంటలు పట్టింది. మొదట అంతా పచ్చగా ఉందని మురిసిపోయాం. గంట గడిచినా అదే చెట్టు, అదే ఎత్తు, అదే వరుస. అంతా ఆయిల్ పామ్. గెలలు నింపుకున్న లారీలు ఎదురొస్తూనే ఉన్నాయి. సబా భూమిలో దాదాపు ఐదో వంతు ఈ తోటలేనట. ముందు పెద్ద చెట్లు కలపకు పోయాయి, తర్వాత మిగిలిన అడవిని చదును చేసి పామ్ వేశారు. బోర్నియో ద్వీపంలో 1973లో నాలుగింట మూడు వంతులు అడవే ఉండేది. 2010 నాటికి ఆ అడవిలో 30 శాతం పోయింది. ఈ లెక్క ముందే చదివాను గానీ, కారు కిటికీ పక్కన కూర్చుని గంటలు గంటలు చూసేదాకా అదెంతో అర్థం కాలేదు.

దారిలో సెపిలోక్ ఒరాంగుటాన్ పునరావాస కేంద్రం తప్పకుండా చూడండి. 1964లో మొదలైంది. తల్లిని పోగొట్టుకున్న పిల్లలను పెంచి, చెట్లెక్కడం నేర్పి, మళ్లీ అడవిలోకి పంపుతారు. ఒరాంగుటాన్ పిల్ల ఆరేడేళ్లు తల్లిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఆ తల్లి చేసే పని ఇక్కడ మనుషులు చేస్తున్నారు. ఉదయం పదింటికి, మధ్యాహ్నం మూడింటికి ఆహారం పెడతారు. పదింటికి జనం ఎక్కువ, మూడింటికి కాస్త నయం. సంచులు లాకర్‌లో పెట్టాలి. నియమాలు గట్టిగానే అమలు చేస్తున్నారు, అది నాకు నచ్చింది. ఎదురుగానే సన్ బేర్ ఎలుగుల కేంద్రం ఉంది. దానికీ ఒక గంట ఉంచుకోండి.

సుకౌలో మేం దిగిన లాడ్జి పేరు రాయను. గది శుభ్రంగా ఉంది, మంచం బాగుంది, నది మీదికి వరండా ఉంది. కానీ రెండో రోజు పడవ ప్రయాణం మనసు కష్టపెట్టింది. ఒక్క ఒరాంగుటాన్ చుట్టూ ఏడు పడవలు చేరాయి. మా పడవ నడిపిన కుర్రాడు (మొదటి రోజు గైడ్ కాదు) ఫోటో కోసమని పడవను కొమ్మ కిందికే తోశాడు. వద్దని చెప్పినా వినలేదు. బుక్ చేసే ముందే అడగండి: పడవలో ఎంతమంది ఉంటారు, జంతువు దగ్గరికి వచ్చాక ఇంజిన్ ఆపేస్తారా అని. జవాబు సూటిగా రాకపోతే వేరే చోటు చూసుకోండి.

ఆ నది మీద నన్ను బాగా కదిలించింది జంతువు కాదు, ఒక తాడు. చిన్న వాగు మీద ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు పాత ఫైరింజన్ గొట్టాలతో వంతెన కట్టి ఉంది. ఒరాంగుటాన్‌కు ఈత రాదు. పూర్వం రెండు ఒడ్ల మీదా పెద్ద చెట్ల కొమ్మలు కలిసి ఉండేవి, వాటి మీదుగా దాటేది. ఆ చెట్లు కలపకు పోయాక వాగే దానికి సరిహద్దయింది. అందుకే ఈ వంతెనలు. హార్న్‌బిల్ పక్షులదీ అదే కష్టం. గూడు పెట్టుకోవడానికి ముసలి చెట్టు తొర్ర కావాలి. అంత వయసున్న చెట్లు తక్కువయ్యాయి కాబట్టి మనుషులే గూటి పెట్టెలు చేసి కడుతున్నారు. 2005లో ఇక్కడ దాదాపు 26 వేల హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. అదీ ఒకే ముక్క కాదు, పది ముక్కలు, మధ్యలో తోటలు, ఊళ్లు. నది ఒడ్డున 20 మీటర్ల వరకు చెట్టూ చేమా కదిలించకూడదని 1998 నాటి చట్టం చెబుతోంది. పామ్ చెట్లు నీటి అంచుదాకా వచ్చిన చోట్లు మాత్రం మేం చాలా చూశాం.

తర్వాత రెండు రాత్రులు బటు పుతెలో ఊరివాళ్ల సహకార సంఘం నడిపే హోమ్‌స్టేలో ఉన్నాం. ఏసీ లేదు, నేల మీద పరుపు, దోమతెర. లాడ్జితో పోలిస్తే సౌకర్యం తక్కువే. అయినా నా ఓటు దీనికే. మీరిచ్చే డబ్బు ఆ ఇంటికీ ఆ ఊరికీ చేరుతుంది, పైగా మొక్కలు నాటే పనిలో మిమ్మల్నీ కలుపుకుంటారు. ఒక పొద్దంతా బురదలో నాటితే నాకూ అక్కకూ కలిపి నలభై కూడా కాలేదు. నాటడం తేలికే, బతికించడమే కష్టమని మాకు పని చూపించినామె చెప్పింది. తీగలూ గడ్డీ కమ్మేస్తాయి, వరదొస్తే మునిగిపోతాయి, ఏళ్ల తరబడి కలుపు తీస్తూనే ఉండాలి. నా ప్రయాణంలో డబ్బుకు పూర్తి విలువ దక్కిన రోజు అదే.

చివరి మూడు రోజులు డానుమ్ లోయలో. లహాద్ దాతు పట్టణం నుంచి కంకర రోడ్డు, నడుం నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. ఖరీదైన లాడ్జి ఒకటుంది. మేం పరిశోధన కేంద్రం వసతిగృహంలో ఉన్నాం. ఆడవాళ్లకు, మగవాళ్లకు విడివిడిగా హాస్టళ్లు. ముందుగా అనుమతి తీసుకోవాలి, జలగలకు మందపాటి మేజోళ్లు తప్పనిసరి. 438 చదరపు కిలోమీటర్ల ఈ లోయలో అడవిని నరకలేదు. 100 మీటర్లు దాటిన మెరాంటి అనే కలప చెట్టును కొలిచింది ఈ అడవిలోనే. మలేసియాలో చివరి సుమత్రా ఖడ్గమృగం ఇమాన్‌ను 2014లో పట్టుకుని సంరక్షణకు తీసుకెళ్లిందీ ఇక్కడి నుంచే. అది 2019 నవంబరులో చనిపోయింది.

మూడు రోజుల్లో మాకు కనిపించింది ఒకే ఒక్క ఒరాంగుటాన్, అదీ అర నిమిషం. తలెత్తి చూశాం, ఆకుల్లోకి జరిగి మాయమైంది. అక్క చాలాసేపు అక్కడే నిలబడింది. "దీనికి వెళ్లడానికి చోటుంది" అంది.

మళ్లీ వెళ్తే వరుస మారుస్తాను. మీరూ వీలైతే డానుమ్ ముందు చూడండి, కినబతంగాన్ తర్వాత. నేను తిరగేసి చూడటం వల్ల నది మీద మొదటి సాయంత్రం నా కళ్లెదుట ఏం లేకుండా పోయిందో నాకు తెలియలేదు.