థార్ ఇసుకలో ఐదు వసంతాలు వాడిన మా వ్యాను ఇల్లు

దేశం నలుమూలల నుంచీ జనం తిరుపతికి వస్తుంటే, ఏటా శ్రీకాళహస్తి శివరాత్రి తిరునాళ్ళు ముగియగానే మేము తిరుపతి విడిచి రెండువేల కిలోమీటర్లకు పైగా అవతల ఉన్న జైసల్మేరుకు బయలుదేరుతాము; ఉగాదికి తిరిగి ఇల్లు చేరుతాము. 2021 నుంచి 2025 దాకా ఐదు వసంతాలు ఇలాగే గడిచాయి. మేమంటే నేను, నా భార్య, మా బావమరిది. మా ఇల్లంటే పదమూడు సీట్ల పాత వ్యానులో సీట్లు తీయించి కట్టించుకున్న గది. మా వ్యసనమంటే దానితోపాటు తీసుకువెళ్ళే 200 సీసీ ట్రెయిల్ బండి, అంటే మట్టి, ఇసుక దారుల్లో నడిపే మోటారుసైకిలు. దారి, తిరుగు దారి పోను ఏటా సుమారు ఇరవై రెండు రోజులు ఇసుక మీదే ఉంటాము కనుక, ఇప్పటికి నూటపది రాత్రులు ఆ వ్యానులో పడుకున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

మోటార్లకు వైండింగు చేసే దుకాణం నాది కాబట్టి కరెంటు పని నేనే చేసుకున్నాను. రేకు పని, చెక్క పని రేణిగుంట వైపు ఒక షెడ్డులో చేయించాను. వ్యాను ధర కాక మార్పులకు ఆరు లక్షల ఎనభై వేలు అయింది. అందులో లక్షన్నర దాకా వృథా అని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. ముచ్చటపడి చేయించిన పై అల్మరాలు, మడత బల్ల, రంగు దీపాలు ఒక్క ఏడాదికే వట్టి బరువుగా తోచాయి. బావమరిది పోరు పడలేక కొన్న గాలి కంప్రెసరు లేకుండా మాత్రం ఇప్పుడు ఊరి పొలిమేర దాటను.

మేము చేసిన అసలు తప్పు బండిని వ్యాను వెనక ఇనుప చట్రం మీద వేలాడదీయడం. చూడడానికి అది చాలా సొంపుగా ఉండేది. బండి 160 కిలోలు, చట్రం 40 కిలోలు, మొత్తం 200 కిలోలే గదా అనుకున్నాము. ఎడ్లబండి తోలిన వాడెవడైనా మాకు అప్పుడే చెప్పి ఉండేవాడు: వెనక బరువెక్కితే నొగలు పైకి లేస్తాయి. మొదటి ప్రయాణం నుంచి వచ్చాక అనుమానం తీరక వ్యానును కాటా మీదికి ఎక్కించి, ముందు చక్రాలను, వెనక చక్రాలను విడివిడిగా తూయించాను. బండి లేనప్పుడు ముందు 1,140 కిలోలు, వెనక 1,690 కిలోలు ఉన్నది, బండి తగిలించగానే ముందు 1,030కి దిగి, వెనక 2,000కు చేరింది. అంటే మేము వెనక పెట్టింది 200 కిలోలైనా, వెనక ఇరుసు మోసింది 310. ఆ అదనపు 110 కిలోలు ముందు చక్రాల నుంచి లాక్కున్నవి. తారురోడ్డు మీద స్టీరింగు తేలికగా తిరుగుతోందని మేము సంతోషించిన కారణం కూడా అదే. పైగా నూరు లీటర్ల నీళ్ళ తొట్టిని కూడా షెడ్డువాళ్ళు వెనక తలుపు పక్కనే బిగించారు, నేనూ తల ఊపాను.

దాని ఫలితం ఆ మొదటి ఏడాదే రామ్‌గఢ్ రోడ్డు మీద అనుభవించాము. ఎదురుగా వచ్చే లారీకి దారి ఇవ్వడానికి రోడ్డు అంచు దించగానే వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి. పారతో గంటన్నర తవ్వినా వ్యాను జానెడు కూడా కదలలేదు. చివరికి ట్రాక్టరుతో వచ్చిన ఒక పెద్దాయన తాడు కట్టలేదు. కింద కూర్చుని, ఒక మేకు తీసుకుని, నాలుగు చక్రాల వాల్వులూ ఒక్కొక్కటే నొక్కి, టైరు పక్కగోడ ఉబ్బి నేలమీద పరుచుకునే దాకా గాలి వదిలేశాడు. తరువాత రెండో గేరులో మెల్లగా తీయమన్నాడు. వ్యాను తనంతట తానే పైకి వచ్చింది. ట్రాక్టరు వాడకపోయినా ఆయన ఐదు వందలు తీసుకున్నాడు, అది న్యాయమే. అరవై పౌండ్ల గాలిని ముప్ఫైకి దించితే టైరు నేలను పట్టే మేర పొడవవుతుందని, బరువు ఎక్కువ చోట పంచుకోవడంతో ఇసుకలోకి దిగబడదని పుస్తకంలో చదవడం వేరు, మేకుతో చూపించగా చూడడం వేరు. తారురోడ్డు ఎక్కగానే మళ్ళీ గాలి నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే పక్కగోడలు వంగి వంగి వేడెక్కి టైరు చీలిపోతుంది. కంప్రెసరు విలువ అప్పుడు తెలిసింది.

రెండో ఏటి నుంచి చట్రం తీసేసి, నీళ్ళ తొట్టిని డ్రైవరు సీటు వెనకకు మార్చి, బండిని పలక మీదుగా లోపలికే ఎక్కిస్తున్నాము. ప్రయాణంలో మంచం గోడకు మడిచి ఉంటుంది, మజిలీ చేరాక బండి బయట, మేము లోపల. రోజూ దించడం, ఎక్కించడం చాకిరీయే. పెట్రోలు వాసన కూడా ఉంటుంది. అందుకే బండి లోపల ఉన్నంతసేపూ పొయ్యి వెలిగించకూడదని ఇంట్లో కట్టడి. నా భార్య దానిని నాకన్నా గట్టిగా పాటిస్తుంది, టీ అడిగినా బండి దిగే దాకా రాదు. గ్యాసు గాలికన్నా బరువు కనుక ఐదు కిలోల సిలిండరు ఉన్న గూటికి నేలలో అరచేతంత రంధ్రం పెట్టించాము, లీకైనా కిందికి దిగి బయటికి పోతుంది. షెడ్డువాళ్ళు ఇచ్చిన పనితనంలో నాకు పూర్తిగా నచ్చింది ఇదొక్కటే.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన సామెత. థార్‌లో అది ఇంకొన్నాళ్ళు తచ్చాడుతుంది. మార్చి మొదట్లో పగలు ముప్ఫై డిగ్రీలు దాటినా తెల్లవారుజామున దుప్పటి కావాలి. అయితే 2021లోను, 2022లోను, 2024లోను శివరాత్రి మార్చిలో పడి, ఉగాది ఏప్రిల్‌లోకి జరిగింది. ఆ మూడేళ్ళూ మార్చి చివర మధ్యాహ్నాలు నలభైకి చేరువై వ్యాను పెనంలా కాలింది. పైకప్పుకు అంగుళం మందాన వేయించిన ఫోము పలక కొంత ఆపుతుంది, కానీ కిటికీ అద్దాల నుంచి వచ్చే ఎండను అది ఆపలేదు. మాకు నిజంగా పనికివచ్చింది వ్యాను పక్కన పందిరిలా లాగి కట్టే గుడారు గుడ్డ. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా జీవితమంతా దాని కిందే. ఏసీ పెట్టమని చాలామంది సలహా ఇచ్చారు; నేను లెక్క వేసి మానుకున్నాను. పైన ఉన్న రెండు సోలారు పలకలు కలిపి 670 వాట్లు, బల్లకింద లిథియం బ్యాటరీ రెండున్నర యూనిట్లు. ఆ ఎండలో రోజుకు రెండున్నర నుంచి మూడు యూనిట్లు వస్తాయి. చిన్న ఫ్రిజ్జుకు అరయూనిటు, రెండు ఫ్యాన్లకు అంతకన్నా కాస్త ఎక్కువ, ఫోన్లకు, దీపాలకు, కంప్రెసరుకు మిగతా కొంత పోగా ఇంకా మిగులుతుంది. ఏసీ మాత్రం ఆ మిగులును రెండు గంటల్లో మింగేస్తుంది. ఐదేళ్ళలో బ్యాటరీ పట్టు తగ్గిన జాడ నాకు కనిపించలేదు. పలకల మీద సన్నటి దుమ్ము పొర పడితే మాత్రం రాబడి కళ్ళముందే పడిపోతుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి కనుక మెత్తటి కుంచెతో పొద్దున్నే దులుపుతాను.

ముగ్గురికి నూరు లీటర్ల నీళ్ళు మూడు రోజులు వస్తాయి. మొదట రెండు రోజులే వచ్చేవి. గిన్నెలను ముందు ఇసుకతో తోమి, తరువాత కొద్ది నీళ్ళతో కడగడం మా అత్తగారి కాలపు పద్ధతి. అది అక్కడ మళ్ళీ పనికివచ్చింది. తిండి విషయంలో ఎక్కువ రాయను: వేయించిన రాగిపిండితో సంగటి, ఊరి నుంచి తెచ్చిన శనగకాయల ఊరిబిండి, మొదటి రెండు రోజులకు పులిహోర.

ఇక బండి. దాని పేరు చెప్పవలసిన పని లేదు, ఎందుకంటే నేను చెప్పేది ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలున్న ఆ తరగతి బళ్ళన్నిటికీ వర్తిస్తుంది. ఎండిన స్వర్ణముఖి ఇసుకలో రెండు నెలలు సాధన చేసి, ఇక మాకు రాని విద్య లేదనుకుని వెళ్ళాము. నది ఇసుక గరుకు, ఎడారి ఇసుక పిండి. నదిలో తప్పు చేస్తే చక్రం జారుతుంది, తిన్నె మీద తప్పు చేస్తే చక్రం మునుగుతుంది. బెదిరి యాక్సిలరేటరు వదిలితే ముందు చక్రం గుచ్చుకుని మనిషి హ్యాండిలు మీదుగా పోతాడు. పట్టు వదలకుండా, పెడళ్ళ మీద నిలబడి, బరువు వెనక్కి వేసి, చూపు దూరంగా నిలిపితే ముందు చక్రం దానంతట అదే దారి వెతుక్కుంటుంది. మా బావమరిది రెండో రోజుకే నేర్చుకున్నాడు. నాకు రెండు వసంతాలు పట్టింది. "బావా, మీరు బండిని నడపొద్దు, పోనివ్వండి" అని వాడు పదే పదే అనేవాడు. వయసులో చిన్నవాడి దగ్గర నేర్చుకోవడం కొంత కష్టమే.

తెల్లవారాక రెండు గంటలే మంచి సమయం. రాత్రి తేమకు, చలికి ఇసుక బిగిసి ఉంటుంది. పది దాటితే అదే తిన్నె వదులై చక్రాన్ని మింగుతుంది. గాలి వచ్చే వైపు వాలు నెమ్మదిగా, గట్టిగా ఉంటుంది. అవతలి వైపు సుమారు 34 డిగ్రీల వాలుతో, అడుగు పెడితే జారే వదులు ఇసుక. కాబట్టి శిఖరం మీదికి ఊపుతో ఎక్కి అవతలికి ఎగరడం వీడియోలకే బాగుంటుంది. మేము కింద ఆగి, ఒకరు నడిచి పైకెక్కి చూసి వచ్చాకే ఎక్కుతాము.

బండి టైర్లలో గాలి 15 పౌండ్లకు దించుతాము. అక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. ట్యూబు టైరులో గాలి తగ్గిస్తే టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా తిరుగుతుంది, దానితోపాటు ట్యూబూ తిరుగుతుంది. రెండో ఏడు ఒక సాయంత్రం వెనక చక్రం వాల్వు నిటారుగా కాక, ఒరిగిన గుంజలా ఏటవాలుగా కనిపించింది. వేలితో సరిచేసి ఊరుకున్నాను. మర్నాడు పొద్దున ఎనిమిదో కిలోమీటరు దగ్గర వాల్వు మొదలంటా తెగింది. ఆ బండిని ఇసుకలో మూడు కిలోమీటర్లు తోసుకుంటూ మట్టి దారి చేరాము. తిరుపతికి వచ్చాక టైరును రిమ్ముకు అదిమి పట్టే రిమ్ము లాకు వేయించాను, ఖరీదు తక్కువే. చెయినుకు జిగురు నూనె వేయకపోవడం రెండో పాఠం. ఆ నూనెకు ఇసుక అంటి సానపట్టే ముద్దగా మారి పళ్ళచక్రాన్ని ఒక్క సీజనులో కొరికేసింది. స్పాంజి ఎయిర్ ఫిల్టర్లు రెండు ఉంచుకుని, ఒకటి ఉతికి ఆరబెట్టి నూనె పట్టించేలోపు రెండోది వాడుకోవాలి. ఇంజను గురించి ఫిర్యాదు లేదు. క్లచ్చి ప్లేట్లు ఒకసారి కాలిపోయాయి, తప్పు నా చేతిదే.

ఎక్కడ పడితే అక్కడ బండి దించకూడదు. సమ్, ఖూరీ తిన్నెల చుట్టుపక్కల చాలా మేర డెజర్ట్ నేషనల్ పార్కు ఉంది. సరిహద్దు దగ్గరి ప్రాంతాలకు వేరే అనుమతి కావాలి. మేము ఊళ్ళ మధ్య మట్టి దారులకే పరిమితమై, తిన్నె ఎక్కాలంటే ఆ ఊరివాళ్ళను అడుగుతాము. నేషనల్ పార్కు బట్టమేక పిట్టకు మిగిలిన చివరి ఆశ్రయాల్లో ఒకటి. మన రోళ్ళపాడులో దానికోసమే అభయారణ్యం పెట్టుకున్న సంగతి తెలిసినవారికి, బోడి నేలమీద గుడ్డు పెట్టే ఆ పక్షుల మధ్య బండి తోలరాదని వేరుగా చెప్పనక్కరలేదు. బీడుగా కనిపించే ఆ నేలలో మనకు తెలిసిన చెట్లే ఎక్కువ: జిల్లేడు, రేగు, అన్నిటికన్నా జమ్మి. వాళ్ళు దానిని ఖేజ్డీ అంటారు, ఎండబెట్టిన కాయలను కూర వండుతారు. మనం దసరా నాడు తలుచుకునే చెట్టు అక్కడ ఏడాది పొడవునా మనిషికీ, మేకకూ ఇంత తిండి పెడుతోంది. ఆ నీడన బండి ఆపితే ముల్లు దిగుతుందన్నది వేరే సంగతి.

ఇలాంటిది కట్టించుకోవాలనుకునేవారు సీట్లు తీయించే ముందు కాగితాల పని చూసుకోవాలి. వ్యాను రూపం ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా మారితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు వస్తుంది, బీమా కూడా ఇరుకున పడుతుంది; అనుమతి తెచ్చుకుని ఆర్‌సీలో మార్పు నమోదు చేయించాకే షెడ్డుకు తీసుకువెళ్ళడం మేలు. ఏటా ఒకటి రెండు వారాలు మాత్రమే తిరిగేవారికి ఇంత ఖర్చు దండగ. బండి ఒక్కటి రైల్లో పార్సిలు వేసి, అక్కడ గది అద్దెకు తీసుకుంటే చౌక. నెల రోజులు ఉండగలిగి, రోజూ తెల్లవారుజామున తిన్నె పక్కనే కళ్ళు తెరవాలనుకునేవారికి మాత్రం వ్యానే సరి.

ప్రస్తుతం వ్యాను మళ్ళీ షెడ్డులో ఉంది. పై అల్మరాలు, మడత బల్ల ఊడదీయించాను. మొన్న కాటా మీద 74 కిలోలు తగ్గింది. అల్మరా విప్పుతున్నప్పుడు వెనక పలకల సందులో నుంచి దోసెడు ఇసుక రాలింది. మేస్త్రి చీపురు కోసం వెళ్ళేలోపు మా బావమరిది దానిని ఒక సీసాలోకి ఎత్తిపెట్టాడు.