తోతాపురి ఒప్పందం: ధర సంగతి ఎలా ఉన్నా, గేటు చీటీకో దండం

మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీతో మా ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంఘం) రాయించిన ఒప్పందం మీద కొన్ని సీజన్లుగా తోతాపురి మామిడికాయ తోలుతున్నాను. ఒప్పందం అంటే ఏంటో మా చిత్తూరు వైపు రైతుకు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది అందులో ఒకే ఒక్క షరతు గురించి. కాయ దించే వంతుకు టోకెన్ ఉన్న బండి గేటు దగ్గరికి రాగానే తూకం వేసి, టైము రాసిన చీటీ చేతికివ్వాలి. ఆ తర్వాత కాయ వాడినా, మెత్తబడినా ఆ తరుగు ఫ్యాక్టరీదే.

మొదట్లో దానితో పని పడలేదు. వెళ్లడం, దించడం, రావడం, అంతే. 2025లో కాయ విరగ్గాసింది, ఫ్యాక్టరీల్లో పాత పల్ప్ అమ్ముడుపోలేదన్నారు. జూన్‌లో గేటు ముందు ట్రాక్టర్లు రోడ్డెక్కాయి. మా టోకెన్ పొద్దుటిది. "ఈరోజు అన్‌లోడింగ్ లేదు, వెనక్కి తోలుకో" అన్నాడు గేటు దగ్గర మనిషి. ఎక్కడికి తోలాలి? బయట కాయ కొనే ర్యాంపుల్లో అడిగే నాథుడు లేడు. ఒప్పందం జిరాక్సు బయటికి తీసి, ఎఫ్‌పీఓ కుర్రాడికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను. గొంతులు లేచాయి. చివరికి వేబ్రిడ్జి ఎక్కించి చీటీ రాశారు.

దించింది మాత్రం మర్నాటి రాత్రి. టార్పాలిన్ తీస్తే పైకాయ బాగానే ఉంది, అడుగుకాయ మగ్గిపోయి తొట్టి సందుల్లోంచి రసం కారుతోంది. గ్రేడింగ్ అతను పక్కన పడేయబోతే చీటీలో టైము చూపించాను. సణుక్కున్నాడు గానీ, చీటీ మీది బరువే బిల్లులో పడింది. మా వెనక బండికి ఒప్పందం లేదు. పాపం, సగం కాయ రోడ్డు పక్కనే పారబోసి పోయాడు.

ఇదివరకు ఎవరడిగినా ఈ ఒప్పందంలో కనీస ధరే గొప్ప అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. 'ప్రభుత్వం ధర ప్రకటిస్తే అదే వర్తిస్తుంది' అని అదే పేరాలో ఇంకో ముక్క ఉంది. ఆ ఏడు ప్రభుత్వం కిలో 12 రూపాయలంది: ఫ్యాక్టరీ 8, సబ్సిడీ 4. దాంతో మా కనీస ధర కాగితం మీదే ఉండిపోయింది. ఫ్యాక్టరీ డబ్బు కూడా చెప్పిన గడువుకు రాలేదు.

నాకు సొంత ట్రాక్టర్ ఉంది, ఫ్యాక్టరీ మా ఊరికి దగ్గరే, ఇంట్లో నెల జీతం ఒకటి వస్తుంది, కాబట్టి తట్టుకున్నాను. బాడుగ బండి అయితే నిలబెట్టినందుకు వెయిటింగ్ చార్జీ ఎవరిస్తారో ఒప్పందంలో ఎక్కడా లేదు, అది రైతు నెత్తినే పడుతుంది. బేనీషా, నీలం రకాలు ఎక్కువున్నవాళ్లకి దామలచెరువు మామిడి మండీయే నయమేమో. నా తోటంతా తోతాపురే కాబట్టి వచ్చే సీజన్‌కూ సంతకం పెడతాను, ధర పేరాలో ఆ ముక్క తీసేయమని ఒకసారి అడిగి చూశాక.