విశాఖ డాబాగార్డెన్స్ డేటా రికవరీ షాపు: కోర్టు పని తెలిసినవాళ్లు

మా వ్యాపార లెక్కలున్న హార్డ్ డిస్క్‌ని భాగస్వామి ఫార్మాట్ చేసేశాడు. ఈ షాపువాళ్లు ఒరిజినల్ జోలికి పోకుండా ముందు కాపీ తీసి, దాని హాష్ విలువ (డేటా మారలేదని చూపించే, వేలిముద్ర లాంటి కోడ్) రాసిచ్చారు. చాలా ఫైళ్లు తిరిగొచ్చాయి, పాత బిల్లులు కొన్ని రాలేదు. నాకు బాగా నచ్చింది ఎలక్ట్రానిక్ ఆధారాన్ని కోర్టులో పెట్టడానికి కావాల్సిన సర్టిఫికెట్. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద నిపుణుడు నింపాల్సిన బి భాగాన్ని అడక్కుండానే నింపి ఇచ్చారు. భాగస్వామి తన చేతిలో ఉన్న ఆధారం చూపకపోతే అది అతనికే వ్యతిరేకమని అదే చట్టం 119వ సెక్షన్ ప్రకారం కోర్టు భావించవచ్చట, మా లాయరుగారు చెప్పారు. పత్రాలు చూపమన్న ఆర్డరునీ లెక్కచేయకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11, రూల్ 21 కింద ప్రతివాది డిఫెన్సునే (కేసులో అతని వాదననే) కోర్టు కొట్టేయొచ్చు. ఛార్జీ ఎక్కువే. అయినా ఇవ్వొచ్చు. డేటా చెరిపేశారని అనుమానం వస్తే సిస్టమ్ ఆన్ చేయకుండా నేరుగా తీసుకెళ్లండి.