సర్వమత సభా, కలిసి చేసే పనా?

బెంగళూరులో ఒక తెలుగు క్రైస్తవ సంఘం ఇరుగుపొరుగు మతాలవాళ్లకు దగ్గరవ్వాలంటే రెండు దారులున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు రెండోదే మేలు.

మొదటిది సభ. దానికి ఈ ఊళ్లో పాత పునాదే ఉంది. మత, సమాజ అధ్యయనానికి క్రైస్తవ సంస్థ ఒకటి 1957లో ఇక్కడే వెలిసింది. వక్తకు 10 నిమిషాలు, ప్రశ్నలకు అరగంట ఇవ్వాలి. శాలువాలకూ ఫొటోలకూ గంట పోతే మాట్లాడుకున్నదేమీ మిగలదు. శుక్రవారం మధ్యాహ్నం పెట్టకండి, జుమా నమాజు వేళ.

రెండోది కలిసి పనిచేయడం: రక్తదానం, వైద్య శిబిరం, చెరువుగట్టు శుభ్రం చేయడం. ఇది నెమ్మదిగా సాగుతుంది, కానీ సభకు రాని ఆడవాళ్లూ కుర్రాళ్లూ దీనికి వస్తారు. చిక్కంతా తిండి దగ్గరే. ప్లమ్ కేకులో గుడ్డు, తరచూ రమ్ము ఉంటాయి. రెండూ లేనిది విడిగా చేయించి, చీటీ అంటించి, వేరే కత్తితో కోయాలి. ఇఫ్తార్‌కు పిలిస్తే మగ్రిబ్ అజాన్ (సూర్యాస్తమయ నమాజు పిలుపు) వేళకే ఖర్జూరాలు, నీళ్లు చేతికందాలి. వుజూకు (నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి) కుళాయి, నమాజుకు శుభ్రమైన చోటు ముందే చూపించాలి. ఆ సమయంలో పాస్టరుగారు ప్రసంగం అందుకున్నారో, అంతే సంగతులు! శిబిరం చివర్లో సువార్త కరపత్రాలు పంచినా అంతే, మరుసటిసారి ఎవరూ రారు.