36 నెలల ‘ఫ్రీ’ ఫోన్, అమ్మ కీప్యాడ్ ఫోన్

డాలస్‌లో మూడేళ్లు క్యారియర్ (సిమ్ ఇచ్చే ఫోన్ కంపెనీ) కాంట్రాక్టులో తీసుకున్న ఐఫోన్ 13 వాడాను. ఆ తర్వాత ఏడాదికి పైగా, డబ్బంతా ఒకేసారి కట్టి కొన్న ఫోన్ వాడుతున్నాను. ఐఫోన్ 13 కెమెరా ఎలా ఉంటుందో, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో ఈపాటికి అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. నా కడుపుమంటంతా లాక్ మీదే. స్క్రీన్‌కి పెట్టుకునే లాక్ కాదు, ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ పెట్టనివ్వని లాక్.

2021 డిసెంబరులో డాలస్ పక్కనున్న అర్వింగ్‌లో ఒక క్యారియర్ షాపుకి బిల్లు గురించి అడుగుదామని వెళ్లి కొత్త ఫోన్‌తో బయటికొచ్చాను. ఫోన్ ధర 799 డాలర్లు. పాత ఫోన్ ఇచ్చేసి, అన్‌లిమిటెడ్ ప్లాన్ తీసుకుని, 36 నెలలు వాళ్ల దగ్గరే ఉంటే ఫోన్ ఫ్రీ. ప్రతి నెలా బిల్లులో 22.19 డాలర్ల వాయిదా ఒక గీతలో, అంతే మొత్తం మైనస్ గుర్తుతో కింది గీతలో. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో. టెక్సస్‌లో టాక్స్ మాత్రం మొదటిరోజే పూర్తి ధర మీద కట్టాలి, మా దగ్గర 8.25 శాతం, అంటే 65.92. మొదటి బిల్లులో యాక్టివేషన్ కింద ఇంకో 30. మొత్తం మీద ఫ్రీ ఫోన్‌కి 96 డాలర్లు వదిలాయి. అయినా ఆ రోజు ఎవరైనా అడిగితే ఐదుకి ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ని. ఆఫీసులో ఇద్దరికి చెప్పి వాళ్లచేత కూడా తీయించాను.

నేను ఇచ్చేసిన పాత ఫోన్ ఇండియాలో కొన్న ఐఫోన్ 11. అందులో ఏ దేశపు సిమ్ పెట్టినా పనిచేసేది. ఆ సంగతి ఆ షాపులో నాకు తట్టనే లేదు. ఇండియాలో పెరిగినవాళ్లకి ఫోన్ వేరు, సిమ్ వేరు. ఎవరి ఫోన్‌లో ఎవరి సిమ్ అయినా దూరుతుంది. (2003లో రిలయన్స్‌వాళ్లు 501 రూపాయలకి ఫోన్ ఇచ్చినప్పుడు నాన్న కూడా ఒకటి తెచ్చారు. అందులో సిమ్ పెట్టే చోటే ఉండేది కాదు. మా ఇంట్లో మొదటి కాంట్రాక్టు ఫోన్ అదే అనుకోవాలి. తర్వాత ఆ సంగతే మర్చిపోయాం.)

2022 నవంబరులో నాన్నకి ఛాతీలో నొప్పి వచ్చింది. గుంటూరులో చేర్చారు, స్టెంటు వెయ్యాలన్నారు. దొరికిన టికెట్ పట్టుకుని దోహా మీదుగా శంషాబాద్‌లో దిగాను. బ్యాగుల కోసం నిలబడి, పర్సులోంచి ఇండియా సిమ్ తీశాను. ఆ పదకొండు నెలల్లో దాని అవసరం ఒక్కసారీ రాలేదు. నంబరు పోకుండా నాన్నే గుర్తుపెట్టుకుని రీచార్జ్ చేయిస్తూ వచ్చారు. ట్రే తీసే పిన్ను నా దగ్గర లేదు. పక్కన నిలబడ్డ పెద్దావిడ చీర కుచ్చిళ్ల దగ్గరి పిన్నీసు తీసి ఇచ్చారు. పొడిచాను, ట్రే వచ్చింది, సిమ్ పెట్టాను. తెర మీద ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని వచ్చింది. సిమ్‌కి దుమ్ము పట్టిందేమోనని చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. మూడోసారికి గానీ బుర్రకి ఎక్కలేదు, ఫోన్ ఇంకా నాది కాదని.

మీ ఫోన్ సంగతి చూసుకోవాలంటే ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి కిందికి జరపండి. ‘క్యారియర్ లాక్’ అన్నచోట ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటే ఫర్వాలేదు. నేను ఆ పేజీని మొదటిసారి చూసింది ఆ రోజు రాత్రి, గుంటూరు వెళ్లే కారులో.

అమెరికా సిమ్ రోమింగ్‌లో పనిచేసింది, రోజుకి పది డాలర్లు. కాల్స్, వాట్సాప్ అన్నీ బాగానే ఉన్నాయి. మర్నాడు పొద్దున హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్ దగ్గర లక్షన్నర అడ్వాన్స్ కట్టమన్నారు. నా అమెరికా కార్డు పెడితే మెషీన్ రెండుసార్లు తిప్పికొట్టింది. నాన్న డబ్బు డిపాజిట్‌లో ఉంది. నా ఎన్‌ఆర్‌వో ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇండియాలో ఇచ్చే బ్యాంకు ఖాతా) సరిపడా ఉంది, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కూడా గుర్తుంది. ఓటీపీ మాత్రం పర్సులో ఉన్న ఆ సిమ్‌కే వస్తుంది.

బావ ఫోన్‌లో పెడదామంటే ఆయన అప్పుడే మందుల కోసం బయటికి వెళ్లారు. అమ్మ చేతిలో కీప్యాడ్ ఫోన్ ఉంది, దాంట్లో పాతకాలపు పెద్ద సిమ్ పడుతుంది, నాదేమో చిన్నది. హాస్పిటల్ ఎదురుగా రీచార్జ్ కొట్టు అబ్బాయి డ్రాయరంతా గాలించి ఒక ప్లాస్టిక్ చట్రం తీశాడు, అందులో నా సిమ్ ఇరికించి, ఊడిపోకుండా టేపు ముక్క అంటించాడు. డబ్బులు వద్దన్నాడు. అమ్మ తన సిమ్ తీసి చీర కొంగుకి ముడేసుకుంది.

నేను కౌంటర్ పక్కన బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ఓటీపీ పంపమని నొక్కాను. రాలేదు. మళ్లీ నొక్కాను. రాలేదు. ఫోన్ పైమూలలో చిన్న కవరు బొమ్మ ఒకటి ఆరుతూ వెలుగుతోంది. సంగతేమిటంటే ఇన్‌బాక్స్ నిండిపోయింది. కాలర్ ట్యూన్ ఆఫర్లు, రీచార్జ్ గుర్తులు, గ్యాస్ బుకింగ్ మెసేజీలు, ఏళ్ల తరబడి ఒక్కటీ తీసెయ్యలేదు. అన్నీ ఒకేసారి తీసేసే దారి ఆ మెనూలో ఎక్కడుందో కనిపించలేదు. ఒక్కొక్కటే తీశాను, ఇరవయ్యో ముప్పయ్యో. అప్పుడు వరసగా మూడు ఓటీపీలు వచ్చిపడ్డాయి. మొదటి రెంటికీ గడువు అయిపోయింది.

“చివరిది చదువమ్మా.”

“ఏది చివరిదిరా? పైదా, కిందదా?”

“పైది.”

“నాలుగు… తొమ్మిది… ఉండు, దీపం ఆరిపోయింది.”

దీపం అంటే తెర వెలుగు. చేతిలో ఫోన్ లాక్కుని మిగతా నాలుగూ నేనే చదువుకున్నాను. డబ్బు బావ ఖాతాలోకి వెళ్లింది, ఆయన వచ్చి తన కార్డుతో కట్టారు. ఈ హడావిడిలో అమ్మ నంబరు గంటన్నర స్విచాఫ్ అని పలికింది. పొన్నూరు పిన్ని ఏదో అయిపోయిందనుకుని ఆటో మాట్లాడుకుని ఏడ్చుకుంటూ హాస్పిటల్‌కి వచ్చేసింది. నాన్న లోపల హాయిగా నిద్రపోతున్నారు.

ఆ రాత్రి క్యారియర్‌తో చాట్ చేశాను. అవతలి మనిషి చాలా మర్యాదగానే మాట్లాడారు. అన్‌లాక్ కావాలంటే మిగిలిన 25 వాయిదాలు, 554.75 డాలర్లు, ఇప్పుడే కట్టాలి. కట్టాక రిక్వెస్ట్ పెడితే రెండు పనిదినాల్లోపు తీస్తారు. అలా ముందే కట్టేస్తే నెలనెలా వచ్చే ఆ ముచ్చటైన మైనస్ గీత ఆగిపోతుంది. అంటే ఫ్రీ ఫోన్‌ని మూడొంతుల్లో రెండొంతులు డబ్బు పెట్టి కొనుక్కున్నట్టు. మోసం అని అనలేను, నేను సంతకం పెట్టిన కాగితంలో ఇదంతా ఉంది. చదవకపోవడం నా తప్పే.

కానీ టొరంటోలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి విని నవ్వాడు. కెనడాలో 2017 డిసెంబరు నుంచి కంపెనీలు ఫోన్లు అన్‌లాక్ చేసే అమ్మాలి. బ్రిటన్‌లో లాక్ ఫోన్ల అమ్మకం ఆపించింది 2021 డిసెంబరులో. నేను అర్వింగ్‌లో సంతకం పెట్టింది కూడా సరిగ్గా ఆ నెలే.

నేను 554 డాలర్లు కట్టలేదు. తెనాలిలో 8,499 రూపాయలకి ఒక రెడ్‌మీ కొన్నాను. సిమ్ పెట్టగానే గుర్తుపట్టింది. ఆ సాయంత్రమే యూపీఐ పెట్టుకున్నాను. కీప్యాడ్ ఫోన్‌లో సిమ్ ఉంటే ఓటీపీ వస్తుందిగానీ నా ఐఫోన్‌లో యూపీఐ రాదు, సిమ్ ఉన్న ఫోన్ నుంచే మెసేజ్ వెళ్లాలి. అంతవరకూ టీ తాగినా, కొబ్బరిబోండాం తాగినా బావే స్కాన్ చేసేవారు. అమెరికా నుంచి వచ్చినవాడు పదిహేను రూపాయల టీకి బావ వైపు చూడ్డం ఏం బాగుంటుంది?

తిరిగొచ్చాక లెక్కేసి చూశాను. ఒంటి లైనుకి నా అన్‌లిమిటెడ్ ప్లాన్ అన్నీ కలిపి నెలకి 80 డాలర్ల దగ్గర పడేది. అదే నెట్‌వర్క్ మీద నడిచే ప్రీపెయిడ్ నెలకి 25కే దొరుకుతోంది. తేడా 55. ముప్పై ఆరు నెలలకి 1,980 డాలర్లు. ఫోన్ ఖరీదు 799. ఈ లెక్క మొదటిరోజే వెయ్యడానికి క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. అయినా కాంట్రాక్టు చివరిదాకా ఉన్నాను. మధ్యలో వదిలితే మిగిలిన వాయిదాలు మీద పడతాయి కదా, అదొక మొండితనం.

2024 డిసెంబరులో 36 నెలలూ పూర్తయ్యాయి. లాక్ దానంతటదే పోలేదు. ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరు రాసి ఫారం నింపితే మర్నాడు మెయిల్ వచ్చింది. అప్పటికే పండగ తగ్గింపులో 399 డాలర్లకి అన్‌లాక్డ్ పిక్సెల్ 8ఏ కొని పెట్టుకున్నాను, మామూలు ధర 499. 25 డాలర్ల ప్రీపెయిడ్‌కి మారిపోయాను. అమెరికా నంబరు ఈసిమ్‌లో (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్), ఇండియా సిమ్ ట్రేలో. డాలస్‌లో కూర్చుని ఇండియా బ్యాంకు ఓటీపీ అదే ఫోన్‌లో చూస్తున్నాను, వచ్చే మెసేజీలకి ఇంతవరకూ చార్జీ పడలేదు. మొదటిసారి అలా ఓటీపీ వచ్చినప్పుడు మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. ‘ఓటీపీ వస్తే కూడా పండగేనా’ అంది.

ఈ ఉత్సాహంలో ‘అన్‌లాక్డ్ కొనుక్కుంటే చాలు, ఏ బాధా ఉండదు’ అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి. ఒక ఫ్రెండు నా మాట విని పూర్తి డబ్బు పెట్టి ఐఫోన్ 15 కొన్నాడు. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే వాటికి సిమ్ ట్రేనే లేదు, అంతా ఈసిమ్. అతను విజయవాడ వెళ్లి, అక్కడి నంబరుని ఈసిమ్‌లోకి మార్పించుకోవడానికి సిమ్ కంపెనీ స్టోర్ చుట్టూ రెండు రోజులు తిరిగాడు. లాక్ లేకపోయినా తలుపూ లేదు. నాకు ఫోన్ చేసి అన్న మాటలు ఇక్కడ రాయలేను.

చవక ప్రీపెయిడ్‌కి కూడా ఒక చిక్కుంది. జనం ఎక్కువైనచోట పోస్ట్‌పెయిడ్ వాళ్లకి ముందు నెట్ అందుతుంది, మాకు తర్వాత. హనుమజ్జయంతికి ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్తే, పార్కింగ్‌లో తప్పిపోయిన మా ఆవిడకి నేను పంపిన లొకేషన్ ఇరవై నిమిషాలకి చేరింది. అప్పటికి ఇద్దరం పులిహోర ప్రసాదం వరసలో ఎదురుపడ్డాం. ఇంట్లో, ఆఫీసులో వైఫై ఉంటుంది కాబట్టి నాకు ఇది పెద్ద కష్టం కాదు. రోజంతా కారులో తిరిగే ఉద్యోగమైతే ఆలోచించాలి. పిక్సెల్ ఒకసారి చేతిలోంచి జారి గ్లాసు పగిలింది. ఇన్సూరెన్స్ తీసుకోలేదు, బాగుచేయించిన డబ్బు నా జేబులోంచే.

మా చెల్లెలు వాళ్లు ప్లేనోలో ఉంటారు. పిల్లలతో కలిపి నాలుగు లైన్లు, లైనుకి 40 డాలర్ల చిల్లర పడుతుంది. ఇండియా వెళ్లేది మూడేళ్లకోసారి, ఇండియా నంబర్లు ఎప్పుడో వదిలేశారు. వాళ్లకి నాలుగు ఫోన్లు కాంట్రాక్టులో నిజంగానే ఫ్రీ లాంటివే. నేను వాళ్లని మార్చమని చెప్పలేదు, చెప్పినా మా చెల్లెలి భర్త వినరు. కొత్తగా చదువుకోవడానికి వచ్చే పిల్లలకి క్రెడిట్ హిస్టరీ (అప్పులు సరిగ్గా తీర్చిన రికార్డు) ఉండదు కాబట్టి ఈ ఆఫర్లు ఎలాగూ సులభంగా రావు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఇండియా నుంచి తెచ్చుకున్న ఫోన్‌ని కొత్త ఫోన్ కోసం ట్రేడిన్‌లో (పాతదిచ్చి కొత్తది తీసుకోవడం) ఇచ్చెయ్యకండి, డ్రాయర్‌లోనైనా ఉంచండి. ఏడాదికోసారి ఇంటికి వెళ్తూ, అక్కడ ఖాతాలు నడుపుతూ, పెద్దవాళ్ల ఆరోగ్యం చూసుకోవాల్సిన నాలాంటివాళ్లయితే మాత్రం కాంట్రాక్టు వద్దనే అంటాను. రేపు నాకూ పిల్లలు పెద్దయి నాలుగు లైన్లు అయితే ఏమంటానో తెలియదు.

రెడ్‌మీ ఇప్పుడు అమ్మ వాడుతోంది, యూట్యూబ్‌లో పురాణాలు వింటుంది. లాక్ పోయిన ఆ ఐఫోన్ 13ని నిరుడు నాన్నకి ఇచ్చి వచ్చాను. ఆయన సిమ్ పెట్టి చూపించాను, సిగ్నల్ గీతలు నాలుగూ వచ్చాయి. బ్యాటరీ మధ్యాహ్నం భోజనాల వేళకే అయిపోతోందట. “ఇంత డబ్బు పోసి కొన్నావు, చార్జింగ్ నిలవదేంరా?” అంటారు. ఫ్రీగా ఇచ్చారు నాన్నా అని చెప్పాను.